కొడవలి దించిన పూజారి

పట్నం ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఒకటి. గంగ కొండెక్కి వచ్చి ఊరికి చెప్పింది ఇంకొకటి. ఆ రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో ఆమె ఒక్కదానికే తెలుసు.

మన్యంలో పితూరీ అణిగిన రెండో ఏడు అది. ఆషాఢం వానల్లో ఊరి పూజారి సోంబరుని డోలీ కట్టి నలుగురు మనుషులు ఘాటీ దింపారు. శృంగవరపుకోట దాకా భుజాల మీద, అక్కణ్ణించి ఎడ్లబండి మీద. పూజారి గనక ఊరే మోసింది. ఇంకొకడైతే ఏ ఆకు పసరో పోసి, కోడిని కోసి, ఇంట్లోనే పడుకోబెట్టేవారు. సోంబరుకి భార్య పోయి పన్నెండేళ్లు. ఒక్కతే కూతురు గంగ. అత్తవారి ఊరు లోయకి అవతల గట్టున. తండ్రి దగ్గులో నెత్తురు పడుతోందని కబురు విని, ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని వచ్చింది. మళ్లీ వెనక్కి పోలేదు. డోలీ వెనకాలే తానూ నడిచింది.

ఆసుపత్రిలో సోంబరుని చల్లటి పలకకి ఆనించి నిలబెట్టి లోపలి బొమ్మ తీశారు. ఆ బొమ్మను వెలుతురుకి ఎత్తి పట్టుకుని డాక్టరు గంగను దగ్గరికి పిలిచాడు. కొండవాళ్లను కసరని దొరను ఆమె అదే మొదటిసారి చూడటం.

"ఇవి మీ నాన్న ఊపిరితిత్తులు. ఇక్కడ తెల్లగా కమ్ముకుంది చూశావా? ఇది క్షయ కాదమ్మా. రాచపుండు. కుడివైపంతా తినేసి ఎడమవైపుకి దిగింది."

"కోసి తీసీలేరా బాబూ?"

"అది కోసే చోటు కాదు. దగ్గుకి మందిస్తాను. నొప్పికి ఇస్తాను. పుండుకి మందు లేదు."

"ఎన్నాళ్లుంతాడు?"

డాక్టరు కిటికీ వైపు చూశాడు. "రెండు నెలలు. మహా అయితే ఇంకో పది రోజులు. చుట్ట మానిపించు, దగ్గు కాస్త తెరిపిస్తుంది. ఏది తింటానంటే అది పెట్టు."

వరండాలో గోడకి జారగిలబడి కూర్చున్నాడు సోంబరు. చెవి మీద సగం కాల్చిన చుట్ట ఉంది. కూతురు రాగానే ముఖం పైకెత్తాడు. "ఏటన్నాడే?"

వరండా పొడుగునా మనుషులు. పిల్ల ఏడుస్తోంది. గంగ పిల్లను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. ఆ మార్చుకున్నంత సేపే ఆలోచించింది. "సుట్ట మానేత్తే తగ్గిపోద్దన్నాడు అయ్యా. బాదరపదం పున్నానికి కొండెక్కి కొత్త కోత్తావన్నాడు."

సోంబరు చెవి మీంచి చుట్ట తీశాడు. నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చడం అతనికి నలభై ఏళ్ల అలవాటు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వరండా గట్టు మీద పెట్టాడు. "అయితే మానేత్తాను" అన్నాడు. తిరిగి చూడకుండా బండెక్కాడు.

కొత్త అంటే ఆ కొండల్లో పండగొక్కటే కాదు. చేలో సామ పండి నేలకి వంగినా, కొత్త జరగనిదే దాన్ని తినడానికి లేదు. పూజారి స్నానం చేసి, తన కాళ్ల మీద తాను నడిచి, మెట్ట మీది పోడుకి పోవాలి. ఇనుప కొడవలితో మొదటి కంకి కోసి, ఊరి దేవతకి గుర్తుగా నడుమ నిలబెట్టిన నిశాని రాళ్ల ముందు పెట్టి, మొదటి మెతుకు తాను తినాలి. అప్పుడే ఊళ్లో తక్కిన నోళ్లు తెరుచుకుంటాయి. ముందే తిన్న ఇంటికి పులి వస్తుందంటారు. పులి మాట ఎలా ఉన్నా, అలా తిన్న ఇంటితో ఊరు మాట్లాడదు. కొండ మీద అది పులికంటే పెద్ద భయం.

కొండెక్కాక సోంబరు మారిపోయాడు. పొదుపుగా బతకడం మొదలుపెట్టాడు. ఊపిరిని కూడా వృథా చెయ్యడు. పదిమాటల చోట రెండు మాటలు. చేదుమందు కంచుగిన్నెలో పోసిస్తే ముఖం చిట్లించకుండా తాగేవాడు. పొద్దున్నే కర్ర పట్టుకుని అరుగు దిగి, కంచె దాకా నడిచి, రొమ్ము పట్టుకుని నిలబడి, మళ్లీ వచ్చేవాడు. శ్రావణంలో ఒకరోజు కంచె దాటి పనసచెట్టు దాకా పోయాడు. చెట్టు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగి, "సూసేవేటి?" అన్నాడు.

చూసింది గంగ. ఆ పూట ఆమెకి డాక్టరు ముఖమే గుర్తు రాలేదు. లోపలి బొమ్మలు తీసే మిషను ఇనుపదే కదా, ఇనుముకి మాత్రం తప్పు రాదా అనుకుంది. అబద్ధం పుట్టింది తన నోట్లోనే అయినా, అది తండ్రి కాళ్లలోకి దిగి నడుస్తుంటే, కన్నతల్లి బిడ్డ నడకను నమ్మినట్టు నమ్మింది.

పనసచెట్టుతోనే సరి. తరవాత వారం కంచె దాకా. ఆ తరవాత అరుగు దాకా. భాద్రపదం వచ్చేసరికి మంచం దగ్గరే రెండు అడుగులు.

భాద్రపదం వచ్చేసరికే కింది చెక్కల్లో, ఆ చిన్న చేలల్లో, సామ పండింది. ఊళ్లో గాదెలు ఖాళీ. పితూరీలో పోలీసు పటాలం ఊరు మీద పడి తిన్న తిండి ఒక ఏడు వెనక్కి తోస్తే, నిరుడు వాన ఎగ్గొట్టి ఇంకో ఏడు వెనక్కి తోసింది. ఇంటింటా మామిడి టెంకల అంబలే. టెంక పగలగొట్టి, జీడిని గెడ్డ పారే నీళ్లలో నాలుగు రోజులు నానేసి, చేదు పోయాక దంచి కాచేది. ఈ ఏడు వానకి ఆ టెంకలు కూడా బూజు పట్టాయి. గంగకి పాలు తగ్గాయి. పిల్ల రొమ్ము పట్టి లాగి లాగి, ఒదిలేసి తల్లి ముఖంలోకి చూసేది.

దిశారి భీముడు, ఊరికి మంచిరోజులు చూసే ముసలివాడు, అమావాస్య వెళ్లిన మూడోనాడు కొత్త అని చెప్పాడు. చెప్పిన సాయంత్రమే అచ్చియమ్మ వచ్చింది. సోంబరు చెల్లెలు, గంగకి మేనత్త. నోట్లో నిప్పున్న చుట్ట, దాని పక్కనించే మాట.

"మీ అయ్య మెట్టెక్కుతాడేటే?"

"పున్నానికి ఎక్కుతాడు."

"కొత్త మూడోనాడు. పున్నానికి కాదు."

"అయితే పున్నం దాకా ఆగండి."

"ఆగుతాం. అడవిలో దుంపలు కూడా ఆగుతాయేటో అడిగి రా." అచ్చియమ్మ అరుగు మీద కూలబడింది. "గంగా, నా మాట ఇను. కొడవలి దించమని సెప్పు. మా బుధు కోత్తాడు. ఆడూ ఈ ఇంటి నెత్తురే."

కొడవలి దించడం అన్న మాట వినగానే గంగ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పూజారి కొడవలి చేతినించి చేతికి ఇవ్వకూడదు. నేల మీద దించాలి. వచ్చేవాడు నేల మీంచి తీసుకోవాలి. మామూలుగా పూజారి పోయాక, ఇంటివాళ్లు దించుతారు. బతికుండగా దించిన పూజారి ఆ రాత్రి దాటడని ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"నీ కొడుక్కోసం మా అయ్యని పంపించేద్దామనా?" అంది గంగ.

అచ్చియమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. అలా తీసి మాట్లాడటం ఆమెకి అరుదు. "ఆడు నాకు అన్నే. నీకు అయ్య కాకముందే నాకు అన్న. ఆసుపత్రిలో డాక్టరు ఏటన్నాడో నువ్వే ఇన్నావు, మేం ఇన్నేదు. నిజం సెప్పు."

గంగ లోపలికి పోయి ఆసుపత్రి కాగితం తెచ్చింది. మర్నాడు నిశాని రాళ్ల దగ్గర పెద్దలు కూర్చుంటే అక్కడికీ అదే కాగితం పట్టుకుపోయింది. పాడేరు దారిలో బడి పెట్టిన రోజుల్లో రెండో తరగతి దాకా చదివింది ఆమె. తల్లి పోవడంతో ఆ చదువు ఆగింది. ఊళ్లో అక్షరం ముఖం చూసిన ఆడమనిషి ఆమె ఒక్కతే. కాగితం మీద రాసుంది దగ్గు మందు పూటకి ఎన్ని చుక్కలో. అదీ ఇంగ్లీషులో. గంగకి కూడా రాదు. దాన్ని విప్పి పెద్దల ముందు పట్టుకుని, "పున్నానికి నడుత్తాడని ఇందల రాసినాడు" అంది.

దిశారి భీముడు కాగితాన్ని వేలితో తాకాడు. పోలీసులు వచ్చినా కాగితంతోనే వచ్చారు, అడవి మూసినా కాగితంతోనే మూశారు. కాగితం చెప్పింది జరగకపోవడం ఆ ముసలివాడు ఎన్నడూ చూడలేదు. "అయితే పున్నమే" అన్నాడు. పన్నెండు రోజులు. ఎవరూ కాదనలేదు.

గంగ ఇంటికి వచ్చి కాగితాన్ని మళ్లీ దూలం సందులో దోపింది. చేతులు కడుక్కుంది.

ఆ పన్నెండింటిలో ఎనిమిదోనాడు రత్న వచ్చింది. గంగ ఈడుదే. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఆడుకున్నారు, ఒకే గెడ్డలో నీళ్లు మోశారు. ఆమె ఇల్లు వీధికి ఎదురువైపు, రెండిళ్లవతల. నాలుగేళ్ల కూతురు మంగ్లి ఆమె భుజం మీద తడిగుడ్డలా వేలాడుతోంది.

"నిన్నటేల నుంచి ఒకటే వాంతులు. టెంకంబలి పడ్డం నేదు" అంది రత్న.

"ఉప్పునీళ్లు పట్టేవేటి?"

"అన్నీ పట్టేను." రత్న అరుగెక్కలేదు. వాన చినుకుల్లోనే నిలబడింది. "మా చెక్కలో సామ పండి రాలిపోతంది గంగా. కోడిపిల్లలు తింతన్నాయి. గుంటకి పిడికెడు జావ కాత్తే నిలబడిపోద్ది. అందుకే అడుగుతన్నాను. ఒట్టేసి సెప్పు. డాక్టరు నిజంగా పున్నమన్నాడా? పున్నం అన్నాడంటే నాలుగు దినాలు, ఆపుకుంతాను. అన్నేదంటే అచ్చియమ్మత్తని, బుధుని పట్టుకుని పెద్దల కాళ్ల మీద పడతాను."

మంగ్లి కళ్లు తెరిచి గంగ వైపు చూసింది. పిల్లల చూపులో ఏ ప్రశ్నా ఉండదు. అదే పెద్ద బరువు.

"అన్నాడు" అంది గంగ.

రత్న తల ఊపి వెళ్లిపోయింది.

ఆమె వీధి దాటేదాకా గంగ అక్కడే నిలబడింది. లోపల పిల్ల ఏడుపు మొదలెట్టింది. గంగ పోయి రొమ్మిచ్చింది. ఒక చుక్క వచ్చింది, ఆగింది. పిల్ల అరిచింది. ఆ అరుపుకి మంచం మీద సోంబరు కళ్లు విప్పాడు. "గుంటకి సాలడం నేదేటి?" అన్నాడు. "నాలుగు దినాలే కదే. కొత్తయితే నీ కడుపుకింత పడుద్ది, దానికి పాలొత్తాయి. నేను లెగుత్తాను."

లేస్తాడట. పొద్దున్న పక్కకి తిరిగి పడుకోవడానికే ఇద్దరి సాయం కావలసిన మనిషి.

గంగ పిల్లను నేల మీద పెట్టేసింది. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "అయ్యా, డాక్టరు పున్నానికి నడుత్తావని అన్నేదు."

ఇంటి చూరు మీద వాన పడుతోంది.

"మరేటన్నాడు?"

"రాచపుండంట. కుడేపు అయిపోయి ఎడమేపుకొచ్చిందంట. మందు నేదన్నాడు. రెండు నెలలన్నాడు."

"ఏ దినం నుంచి?"

"ఆ దినం నుంచే."

సోంబరు వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టాడు. మడవడానికి వేళ్లు అయిపోయాక చెయ్యి దుప్పటి మీద వదిలేశాడు. "అయితే అయిపోనట్టే" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పాడు. "సుట్ట మానమన్నది డాక్టరేనా? అదీ నీ మాటేనా?"

"డాక్టరే అయ్యా. దగ్గు తగ్గుద్దని."

"బతుకుతాననా, దగ్గు తగ్గుద్దనా?"

"దగ్గు తగ్గుద్దని."

"రెండు నెలలు." సోంబరు గొంతులో ఏదో కదిలింది. అది నవ్వని గంగకి ఆలస్యంగా తెలిసింది. "సచ్చిపోయీవోడి నోట్లోంచి సుట్ట లాగీసినావు కదే. రెండో తరగతి సదివించినందుకు బాగానే సదివేవు కాయితం." నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు నెత్తుట్లోకి. గంగ గుడ్డతో తుడిచింది. ఆయాసం తగ్గాక అతని ముఖంలో నవ్వు లేదు.

"ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వా దినమే ఒరిగిపోయీవోడివి."

"ఒరుగుతానో నేదో నాకొగ్గీవలసింది. పనసచెట్టు దాకా ఎల్లేను, ఊపిరాడక కళ్లు బైర్లు కమ్మినా ఎల్లేను. ఎందుకో తెలుసా? పున్నం వొత్తాది, ఊరు కాసుకుని ఉంతాదని. నా కోసం నాను నడవనేదు గంగా." కాస్త ఆగాడు. "ఊరికి కూడా ఇదే సెప్పినావా?"

"ఆ."

"మూడోనాటి కొత్త ఆపినారన్నావు. నా మేలు సూసి ఆపినారనుకున్నాను. నీ మాటకా?"

"ఆ." తరవాత మంగ్లి సంగతి కూడా చెప్పింది. ఏమీ దాచలేదు. ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్కసారిగా బయటపడితే ఒళ్లు తేలికవుతుందనుకుంది. అవలేదు.

సోంబరు మోచేతి మీద లేవబోయి, లేవలేక పడ్డాడు. "అత్తని పిలు. బుధుని తానం సేసి రమ్మను. దిశారిని కూడా." గంగ గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచాడు. "ఇంకెప్పుడూ నాకు అబద్ధం సెప్పకు. ఉన్నన్నాళ్లే లే. ఎక్కువ కాలం పట్టదు."

వాన వెలిసింది. అచ్చియమ్మ వచ్చింది, వెనకాల తడి తలతో బుధు. అతను ముప్పై ఏళ్ల మొరటు మనిషి. మేనమామ కళ్లలోకి చూడలేక నేల చూస్తున్నాడు. సోంబరు మొదట చెల్లెలి చుట్ట అడిగి పుచ్చుకున్నాడు. నిప్పు కొసను నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క పీల్పు పీల్చాడో లేదో గుండె పగిలేటంత దగ్గు. కళ్ల నీళ్లు తుడుచుకుని చుట్ట తిరిగిచ్చేశాడు. "దీనికి కూడా పనికి రాకుండా పోనాను" అన్నాడు.

అచ్చియమ్మ ఆ చుట్టను నోట పెట్టుకోలేదు. బయటికి విసిరేసింది.

ఇంటి నడిమి స్తంభం నిట్టాడికి పసుపుగుడ్డలో కట్టి వేలాడేసిన కొడవలిని గంగే విప్పింది. పిడి నల్లగా, నున్నగా, తండ్రి బొటనవేలు ఆనేచోట గుంటపడి ఉంది. అతన్ని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. సోంబరు కొడవలిని రెండు చేతులా పట్టుకుని, పేడతో అలికిన నేల మీద దించాడు. చేతులు వెంటనే తియ్యలేదు. దిశారి భీముడు ఏదో గొణిగాడు. అప్పుడు తీశాడు.

బుధు వంగి కొడవలి తీసుకున్నాడు.

గంగ తండ్రి రొమ్ము వైపే చూస్తూ కూర్చుంది. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అనుకుంది. అది ఎగరడం మానలేదు. తెల్లారి పొయ్యి రాజేస్తుంటే వెనకనించి, "నీల్లియ్యే" అన్నాడు.

ఆ పూటే కొత్త జరిగింది. డప్పు మెట్టెక్కి దిగింది. మధ్యాహ్నానికి ఊరంతా పొగ, ఉడికిన సామ వాసన. బుధు మొదటి అడ్డాకు దొప్ప మేనమామ దగ్గరికే తెచ్చాడు. సోంబరు రెండు మెతుకులు నోట వేసుకుని చాలాసేపు చప్పరించాడు. మింగాడో లేదో తెలియలేదు. తరవాత గంగ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టించుకుని, మెత్తగా నలిపిన ముద్ద వేలి కొసన తీసి దాని నోట్లో పెట్టాడు. పిల్ల ఉమ్మింది. మళ్లీ పెట్టాడు. ఈసారి నాలుకతో తోసి, రుచి చూసి, నోరు తెరిచింది.

"సూసేవేటి?" అన్నాడు సోంబరు, పనసచెట్టు దగ్గర అన్నట్టే.

ఆ రోజు గంగకి కొన్నాళ్లుగా లేని ఆకలి వేసింది. తిన్నది. తండ్రి బతుకుతాడని కాదు. ఆ ఆశ వాన నీళ్లలో పోయింది. రేపు పొద్దున్న కూడా ఇలాగే ఒక వేలి కొసంత ముద్ద పెడతాడని, అంతవరకే. అబద్ధం కలవని ఆశ ఇంత చిన్నగా ఉంటుందని ఆమెకి అంతకుముందు తెలియదు.

రత్న కూడా ఆ మధ్యాహ్నం జావ కాచింది. మంగ్లి నోట నిలవలేదు. మర్నాడు పొద్దెక్కేసరికి రత్న ఇంటి ముందు జనం మూగారు. ఏడుపు పెద్దగా లేదు. ఏడవడానికి ఆ ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు.

గంగ వెళ్లింది. గుమ్మంలో రత్న ఆమెను చూసింది. తిట్టలేదు. తిడుతుందనే గంగ వెళ్లింది. రత్న చూపు ఆమె ముఖం మీద ఆగకుండా, కర్రగుంజ మీంచి జారినట్టు జారి పక్కకి పోయింది. గంగ తిరిగొచ్చేసింది. తండ్రి నిద్రలో ఉన్నాడు. లేచాక అడగలేదు. అడగనిది చెప్పడం అవసరం లేదనుకుంది గంగ. ఆ అనుకోవడం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఆమెకి తెలుసు.

కొత్తయ్యాక సోంబరు దగ్గరికి ఎవరూ రావడం లేదు. వాళ్ల తప్పేం లేదు, కోతలు. అతను పడుకుని ఊళ్లో రోకళ్ల చప్పుడు వినేవాడు. ఏ రోకలి ఎవరిదో అతనికి తెలుసు. "అది అచ్చియమ్మ. కోపంగా దంపుతాది." "అది దిశారి కోడలు. రెండు పోట్లు, ఒక కబురు." వింటున్నంతసేపు దగ్గు కూడా తక్కువే.

పున్నమి నాడు పొద్దున్న తల కాస్త ఎత్తాడు. "రత్న రోకలి. ఇన్ని దినాలకి ఇనబడింది. గుంటకి నయమైనట్టుంది కదే."

గంగ పిల్ల తల దువ్వుతోంది. దువ్వెన ఆగింది. అది అడగడం కాదు, అతను తనకి తాను చెప్పుకోవడం. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ ముఖం మీది వెలుతురు ఈ పూటకైనా ఉంటుంది. ఒకసారి వరండాలో కూడా ఇలాగే అనుకుంది.

"నేదయ్యా. మంగ్లి పోయింది. ఇయ్యాల మూడోదినం. దాని దినం కూటికే దంపుతంది."

సోంబరు తల దిండు మీదికి దింపలేదు. అలాగే ఎత్తి పెట్టి చాలాసేపు విన్నాడు. రోకలి ఒకే తీరుగా పడుతోంది.

"నా కోసం ఆగినారు" అన్నాడు.

"నా వల్ల ఆగినారు."

"కర్ర ఇలాతే."

"నువ్వు నడవనేవు."

"తే అంతన్నాను."

లేచాడు. ఎలా లేచాడో గంగకి తెలియదు. చంకలో చెయ్యి వెయ్యబోతే విదిలించాడు. పిల్లను చంకనేసుకుని ఒక అడుగు వెనకగా నడిచింది ఆమె. అరుగు దిగి నిలబడ్డాడు. కంచె దగ్గర నిలబడ్డాడు. వీధి మధ్యలో వంగి మోకాళ్లు పట్టుకుని, ఉమ్మి, ఎర్రగా పడినదాన్ని కాలితో మన్ను కప్పాడు. చేటలు చెరుగుతున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు. పున్నమికి పూజారి తన కాళ్ల మీద నడుస్తాడని కాగితంలో ఉందని గంగ చెప్పింది. నడుస్తున్నాడు. కొడవలి దించినవాడు చావలేదు కూడా. దేనికి భయపడి ఆమె ఆ పన్నెండు రోజులు అడిగిందో ఆ భయానికి అసలు అర్థమే లేదు.

రత్న వాకిట్లో రోటి పక్కన సోంబరు కూలబడ్డాడు. రత్న తలెత్తలేదు. రోకలి ఎత్తింది, వేసింది. మళ్లీ ఎత్తింది. ఆ రోకలి ఎత్తు మీద ఆగినప్పుడు అంది.

"నడిసొచ్చినావా పూజారీ."

"వొచ్చేనమ్మా."

"బాగుంది" అంది రత్న. రోకలి వేసింది.

సోంబరు చేట దగ్గరికి లాక్కుని, దంపిన సామ పోసుకుని, ఊక ఊదబోయాడు. ఊక కదల్లేదు. మళ్లీ ఊదాడు. నాలుగు పొట్టు రేకులు లేచి అతని ముఖం మీదే పడ్డాయి. రత్న కాసేపు చూసింది. వంగి అతని చేతిలోంచి చేట తీసుకుని, రెండు విసుర్లు విసిరి, గింజ తేరాక తిరిగి అతని ఒళ్లో పెట్టింది. "రాళ్లేరు" అంది. "ఊదకు."

అతను రాళ్లేరుతూ కూర్చున్నాడు.

గంగ పిల్లను తండ్రి పక్కన దింపింది. గోడకి ఆనించి ఇంకో రోకలి ఉంది. చిన్నప్పుడు ఈ రోట్లోనే ఇద్దరూ జోడుపోటు వేసేవారు, పాట పాడుతూ. దాన్ని అందుకోవడానికి చెయ్యి చాచి, రత్న ముఖం చూసింది. రత్న చూడలేదు. రోకలి ఎత్తింది. అది దిగి, మళ్లీ పైకి పోయాక రోలు ఖాళీగా ఉండే ఆ క్షణంలో గంగ తన పోటు వేసింది.

రత్న పోటు తప్పింది. ఆగింది. వీధిలో అందరూ అటే చూస్తున్నారు.

గంగ రోకలి దించలేదు, ఎత్తి పట్టుకుని నిలబడింది. రత్న మొహం తుడుచుకుంది. వెయ్యమనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి తన రోకలి తాను ఎత్తి, వేసి, పక్కకి లాగి, మధ్యలో చోటు వదిలింది. ఒక్క పోటుకి చాలేటంత.